మిజూలా స్మోక్‌జంపర్ బేస్: దారిలో ఆగి చూడొచ్చా, దూకడం కనబడుతుందా?

బెల్వ్యూ_బాబాయ్
జూలై రెండో వారంలో సియాటిల్ నుంచి ఎల్లోస్టోన్‌కి కారులో బయల్దేరుతున్నాం. అమ్మ, నాన్న, పన్నెండేళ్ళ అబ్బాయి, ఏడేళ్ళ పాప. మొదటి రాత్రి మజిలీ మోంటానాలోని మిజూలాలో. అక్కడ విమానాశ్రయం పక్కనే, కార్చిచ్చు ఆర్పడానికి ప్యారాచూట్లతో అడవిలోకి దూకే స్మోక్‌జంపర్ల బేస్ ఉందట, లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారట. అబ్బాయికి ఇప్పుడు అదే జపం. నాకు మూడు అనుమానాలు. వాళ్ళు దూకడం కళ్ళారా చూడొచ్చా? అది ఫోటోలు తగిలించిన మ్యూజియమా, పని జరిగే చోటా? నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, నడక ఎంత ఉంటుంది? సాయంత్రం చేరగానే చూసేసి, మర్నాడు పొద్దున్నే ఎల్లోస్టోన్ దారి పట్టాలని ఆలోచన.

ఐ90_బాటసారి
దూకడం కనబడదు, ఆ ఆశతో వెళ్ళకండి. కొత్తవాళ్ళ శిక్షణ వసంతంలో మొదలై వేసవి మొదట్లోనే అయిపోతుంది. జూలైకల్లా అందరూ డ్యూటీలో ఉంటారు, దూకేదేమో ఎక్కడో కొండల్లో. మీరు ఉండగా సైరన్ మోగితే మాత్రం చూడదగ్గదే. రెడీ రూమ్‌లో తగిలించి ఉన్న సూట్లలోకి రెండు మూడు నిమిషాల్లో దూరిపోయి విమానం ఎక్కేస్తారు. అప్పుడు గైడ్ ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి, దారికి అడ్డం పోవద్దు.

టికెట్ లేదు, ఉచితం. మే ఆఖరున వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా సందర్శకుల కేంద్రం తెరిచి ఉంటుంది. లోపలికి మనంతట మనం తిరగడానికి లేదు, గైడ్‌తో నిర్ణీత వేళల్లోనే. ఆ వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. ఐ-90 హైవే మీద 99వ ఎగ్జిట్ తీసుకుంటే విమానాశ్రయం వైపు వెళ్తారు, బేస్ దాన్ని ఆనుకునే ఉంటుంది.

ఇక మీ "సాయంత్రం చేరగానే" కుదరదు. సియాటిల్ నుంచి మిజూలా సుమారు 475 మైళ్ళు. ఆగకుండా నడిపితేనే ఏడు గంటలు, పిల్లలూ పెద్దలూ ఉంటే తొమ్మిది. పైగా ఐడహో దాటి లుకౌట్ పాస్ అనే కనుమ ఎక్కగానే గడియారం గంట ముందుకి జరుగుతుంది. ఏడింటికి బయల్దేరితే అక్కడ సాయంత్రం ఐదవుతుంది. టూర్లు అయిపోయి ఉంటాయి.

కొండగాలి
బాటసారి చెప్పింది నిజమే. అది మ్యూజియమా అన్నదానికి నా జవాబు: ముందు గదిలో మాత్రమే మ్యూజియం. బొమ్మలు, పాత సూట్లు, 1930లనాటి కాపలా గుడిసె నమూనా ఉంటాయి. అసలు చూడాల్సింది వెనక ఉన్న లాఫ్ట్, అంటే ప్యారాచూట్లు సరిచూసి మడిచే చోటు. చాలామంది ముందు గదిలో సెల్ఫీలు దిగి, విమానం చూసి వచ్చేస్తారు, లాఫ్ట్‌లో మాత్రం హడావిడిగా నడుస్తారు. మీరు ఉల్టాగా చెయ్యండి.

లాఫ్ట్‌లో ఓ చోట పైకప్పు చిన్న గోపురంలా ఎత్తుగా లేచి ఉంటుంది. అడవిలోంచి తెచ్చిన ప్రతి ప్యారాచూట్‌నీ శిఖరం పట్టుకుని అక్కడికి లాగి వేలాడదీస్తారు. మొదట ఆకులూ పుల్లలూ దులుపుతారు. తర్వాత గుడ్డనంతా వెలుగుకి పట్టి చూస్తారు. కొమ్మ గీరుకున్న చిరుగులు, నిప్పురవ్వ పడిన చిల్లులు, చెట్టు బంక అంటిన మరకలు వెతుకుతారు. బంక ఉన్నచోట మడత అంటుకుపోయి, గాలిలో విప్పుకోవడం ఆలస్యమవుతుంది. తాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తడుముతారు. లోపం ఉంటే అది మిషన్ గదికి పోతుంది, లేకపోతే పొడవాటి బల్ల మీదకి వచ్చి మడతపడుతుంది. మడిచినవాడు తన పేరు రాసి సంతకం చెయ్యాలి. ఎవరి ప్యారాచూట్ వాళ్ళే మడుచుకోవాలని లేదు. తోటివాడు మడిచిందాన్ని నమ్మి తగిలించుకుని దూకుతారు. ఆ సంతకం విలువ అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

పాలపిట్ట
మిషన్ గది అంటే కుట్టుమిషన్లేనా? మంటలార్పేవాళ్ళు బట్టలు కుట్టడమేంటి?

సూదిదారం
కుట్టుమిషన్లే, వరసగా ఉంటాయి. నడిపేది కూడా జంపర్లే. ఈ పని చేసేవాళ్ళు దేశం మొత్తం మీద కొన్ని వందలమంది, వాళ్ళ కోసం ఏ కంపెనీ ప్రత్యేకంగా సూట్లు కుడుతుంది? అందుకే మొదటినుంచీ సూట్లు, సంచులు, ప్యారాచూట్‌ని ఒంటికి బిగించే జీనుపట్టీలు చాలావరకు వాళ్ళే కత్తిరించి కుట్టుకున్నారు. చలికాలంలో, వానపడి మంటలు లేని రోజుల్లో ఇదే పని.

సూట్ గురించి అందరూ పొరబడే విషయం ఒకటుంది. అది మంట కోసం కుట్టిన సూట్ కాదు. కెవ్లార్ అనే గట్టి గుడ్డ, లోపల దట్టమైన మెత్తలు, చెవులదాకా లేచే కాలరు, ఇదంతా చెట్ల కోసం. విరిగిన కొమ్మ మెడలోనో తొడలోనో దిగకుండా. హెల్మెట్‌కి ముందు తీగల జాలీ ఉంటుంది, క్రికెట్ బ్యాట్స్‌మన్‌కి ఉన్నట్టే, కాకపోతే ఇది కళ్ళల్లో పుల్లలు గుచ్చుకోకుండా. నేలమీద దిగగానే ఆ సూట్ విప్పి పక్కన పెట్టేస్తారు. లోపల వేసుకున్న పసుపు చొక్కా, ఆకుపచ్చ ప్యాంటూ నోమెక్స్ అనే, మంట తొందరగా అంటుకోని గుడ్డవి, మంట దగ్గర పనికొచ్చేవి అవి.

ప్యారాచూట్, అది తెరుచుకోకపోతే వాడే రిజర్వు ప్యారాచూట్, సూట్, హెల్మెట్, సొంత సామాను సంచి అన్నీ కలిపి ఒంటిమీద 85 పౌండ్ల దాకా ఎక్కుతుంది, అంటే సుమారు 39 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాకి ఒకటిన్నర రెట్లు.

బెల్వ్యూ_బాబాయ్
39 కిలోలు తగిలించుకుని దూకడమా! అబ్బాయికి చదివి వినిపించా, ముందు పాపని ఎత్తుకుని ఇల్లంతా తిరిగి ప్రాక్టీసు మొదలెట్టాడు.

తుమ్మచెట్టు
అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, నాకో సందేహం. ఈ రోజుల్లో ఇది ఎందుకు? హెలికాప్టర్లు ఉన్నాయి, నీళ్ళు పోసే పెద్ద పెద్ద ట్యాంకర్ విమానాలున్నాయి. 1940లో హెలికాప్టర్లు లేవు కాబట్టి దూకారు. ఇప్పుడు దాన్ని సంప్రదాయంలా నడిపిస్తున్నారనిపిస్తుంది.

కొండగాలి
తుమ్మచెట్టు గారూ, మొదట ట్యాంకర్ సంగతి. విమానం పోసే ఎర్రమందు మంటని ఆర్పదు, నెమ్మదింపజేస్తుంది. నేలమీద మనుషులు వచ్చి మంటకి అడ్డంగా మట్టి తేలేలా గీత తవ్వకపోతే మంట ఏదో ఒక సందులోంచి దాన్ని దాటుతుంది. కాబట్టి మనుషులు చేరాల్సిందే, ఎలా చేరతారన్నదే ప్రశ్న.

హెలికాప్టర్ దగ్గర్లో ఉంటే మంచిదే, తాడు పట్టుకుని దిగే రాపెల్ బృందాలు కూడా ఉన్నాయి. దూరం పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. ట్విన్ ఓటర్, షెర్పా, డోర్నియర్ లాంటి విమానాలు హెలికాప్టర్ కన్నా వేగంగా, ఎక్కువ దూరం పోతాయి. షెర్పా అయితే ఎనిమిది, పదిమంది జంపర్లని, వాళ్ళకి రెండు మూడు రోజుల తిండీ నీళ్ళూ పనిముట్లనీ ఒకే ట్రిప్పులో మోస్తుంది. ఒక మంట దగ్గర ఇద్దర్ని దించి, పది మైళ్ళ అవతల ఇంకో మంట దగ్గర ఇంకో ఇద్దర్ని దించొచ్చు. పిడుగులు పడిన రాత్రి తెల్లారేసరికి ఒకే కొండలవరసలో పాతిక చోట్ల పొగ లేస్తుంటే, ఈ పద్ధతి విలువ అప్పుడు తెలుస్తుంది.

వీళ్ళ పని పెద్దమంట కాదు. ఒక చెట్టో, అర ఎకరమో కాలుతున్నప్పుడే చేరడం. టీవీలో కనబడేంత పెద్దదైందంటే వీళ్ళ అవకాశం దాటిపోయినట్టే.

తుమ్మచెట్టు
సరే, దూరం సంగతి ఒప్పుకుంటా. కానీ ప్రతి చిన్నమంటనీ పుట్టగానే ఆర్పడమే అక్కడి అడవుల్ని పాడుచేసిందని కూడా అక్కడి అటవీ శాఖ, ఫారెస్ట్ సర్వీసే ఒప్పుకుంది కదా? 1935లో పెట్టిన నియమం ప్రకారం ఏ మంటైనా మర్నాడు పొద్దున పదింటికల్లా అదుపులోకి రావాలి. దశాబ్దాలపాటు అలా ఆర్పుకుంటూ పోతే కింద ఎండుపుల్లా పొదా పేరుకుపోయి, ఇప్పుడు అంటుకుంటే ఆగట్లేదు.

పాతపుస్తకం
ఆ విమర్శ న్యాయమైనదే. స్మోక్‌జంపింగ్ పుట్టిందీ ఆ పదింటి నియమం నీడలోనే. రోడ్డులేని చోటికి రెండ్రోజులు నడిచి చేరేవాళ్ళు పదింటికి ఎలా ఆర్పుతారు? అందుకే గాల్లోంచి. 1970లలో ఆ నియమాన్ని వదిలేశారు. ఇప్పుడు నిర్జన అటవీ ప్రాంతాల్లో కొన్ని పిడుగుమంటల్ని కనిపెట్టుకుని ఉండి కాలనిస్తారు. జంపర్లని ఆర్పడానికే కాదు, ఓ పాత గుడిసెనో వంతెననో కాపాడి మిగతాది కాలనివ్వడానికీ, కావాలని పెట్టే చిన్నమంటల పనికీ వాడుతున్నారు. టూర్లో గైడ్‌ని ఇది అడగండి. దాచుకోకుండా చెబుతారు.

ఈ నియమం వెనక 1910 ఆగస్టు ఉంది. రెండు రోజుల్లో ఐడహో, మోంటానాల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలాయి, కనీసం 85 మంది చనిపోయారు. బెల్వ్యూ బాబాయ్ గారూ, ఇది మీ దారిలోనే. లుకౌట్ పాస్‌కి ముందు వాలస్ అనే చిన్న ఊరొస్తుంది. అక్కడి రేంజర్ ఎడ్ పులాస్కీ తన మనుషుల్ని గని సొరంగంలోకి తోలి, భయంతో బయటికి పరిగెత్తబోయినవాళ్ళని తుపాకీ చూపించి ఆపాడు. ఎక్కువమంది బతికారు. ఊరికి మైలు దూరంలో ఆ సొరంగం దాకా బాట ఉంది, రానుపోను నాలుగు మైళ్ళు, ఎక్కుడు. నాన్నగారు మొదట్లో కాస్త దూరం నడిచి వాగు పక్కన కూర్చోవచ్చు. జంపర్ల చేతుల్లో మీరు చూడబోయే పనిముట్టుకి ఆయన పేరే: ఒకవైపు గొడ్డలి, ఒకవైపు పార. పులాస్కీ అంటారు.

నల్లమల_పోరడు
గొడ్డలి ఒక దిక్కు పార ఒక దిక్కు మస్తుంది. మన దిక్కు గిట్ల దుంకెటోళ్ళు ఎందుకు లేరు? ఎండకాలం వస్తే నల్లమలల రోజూ పొగనే.

ఐ90_బాటసారి
మన దగ్గర అవసరం వేరు. నల్లమలలో మంట చాలావరకు నేలమట్టం మంట. ఫిబ్రవరి నుంచి రాలిన ఆకు, ఎండుగడ్డి కాలుతుంది, చెట్టు తలలదాకా ఎక్కడం అరుదు. పుట్టించేదీ ఎక్కువగా మనుషులే, కొత్తగడ్డి కోసమో, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రం చెయ్యడానికో, ఆర్పని బీడీతోనో. మనిషి నడిచివెళ్ళి పెట్టిన మంట దగ్గరికి మనిషి నడిచే వెళ్ళొచ్చు. అందుకే ఫైర్ వాచర్లు, ఎండలకి ముందే చెక్కిన ఫైర్ లైన్లు, పచ్చికొమ్మలు, ఇప్పుడు ఆకులు ఊదే బ్లోయర్లు. ఉపగ్రహం చూసి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరిక సిబ్బంది ఫోన్లకి వస్తుంది. పరిస్థితి చెయ్యిదాటితే హెలికాప్టర్. 2014 మార్చిలో శేషాచలం మండినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో బకెట్ కట్టి నీళ్ళు పోశారు.

నల్లమల_పోరడు
సమజైంది. మన దగ్గర కావల్సింది ప్యారాచూట్ గాదు, వాచర్లకు టైముకు జీతం, మంచి బూట్లు.

పాలపిట్ట
పోరడు అన్నమాట నూటికి నూరుపాళ్ళూ. మళ్ళీ మిజూలాకి వస్తే, విమానంలోంచి దూకేటప్పుడు గాలి ఎటుందో ఎలా తెలుస్తుంది? అడవిలో గాలిసంచి ఉండదుగా?

గాలిపటం
నాకిష్టమైన ప్రశ్న. క్రేప్ కాగితం రిబ్బన్లతో తెలుసుకుంటారు. ఒక చివర చిన్న బరువు, పొడవు సుమారు 20 అడుగులు, ముదురు రంగులు. దూకిన మనిషి ఏ వేగంతో కిందికి వస్తాడో రిబ్బనూ అదే వేగంతో దిగేట్టు తూకం చేసి ఉంటుంది. కిటుకంతా అదే.

తలుపు దగ్గర ఉండేవాణ్ణి స్పాటర్ అంటారు. అతను దూకడు. నేలమీద దిగే చోటు ఎంచుకున్నాక, విమానం సరిగ్గా దానిమీదుగా 1500 అడుగుల ఎత్తులో పోతుంటే రిబ్బన్లు వదులుతాడు. అవి నేలకి చేరడానికి నిమిషంపైనే పడుతుంది. గాలికి కొట్టుకుపోయి, అనుకున్న చోటికి ఉత్తరాన మూడొందల గజాల్లో పడ్డాయనుకోండి. అంటే మనిషిని దక్షిణాన మూడొందల గజాల ముందే వదలాలి. రెండోసారి అక్కణ్ణుంచి రిబ్బన్లు వదిలి లెక్క సరిచూస్తాడు. అవి గురిమీద పడితేనే మనిషి. రెండు రిబ్బన్లు రెండు దిక్కులకి పోయాయంటే అక్కడ గాలి నిలకడగా లేదని అర్థం. ఆ చోటు వదిలేసి ఇంకోటి వెతుకుతారు, లేదా వెనక్కి తిరుగుతారు.

సాధారణంగా ఒక చుట్టుకి ఇద్దరు దూకుతారు. మొదట దూకినవాడే మామూలుగా ఆ మంటకి నాయకుడు. అది సీనియారిటీ కాదు, జాబితాలో ఎవరి పేరు ముందుంటే వాళ్ళు. దూకి వచ్చినవాడి పేరు జాబితా అడుగుకి పోతుంది. రెడీ రూమ్‌లో ఆ జాబితా ఎలా నడుస్తుందో తప్పక అడగండి.

మనుషులు దిగి క్షేమమని చెప్పాక, విమానం చెట్లకి కాస్త పైన, రెండొందల అడుగుల ఎత్తుకి దిగి సామాను పెట్టెల్ని చిన్న ప్యారాచూట్లతో వదులుతుంది. పైలట్లకి కష్టమైన ఘట్టం ఇదే. లోయలో అంత కిందుగా దూరి మళ్ళీ పైకి లేవాలి.

బెల్వ్యూ_బాబాయ్
గుండ్రటి ప్యారాచూటా, ఎయిర్ షోల్లో కనబడే దీర్ఘచతురస్రమా? మావాడు రెండూ బొమ్మ గీసి పెట్టాడు.

కొండగాలి
రెండూ సరైన బొమ్మలే. ఫారెస్ట్ సర్వీస్ దశాబ్దాలపాటు గుండ్రటిది వాడింది. విమానానికి కట్టిన పట్టీయే దాన్ని లాగి తెరుస్తుంది, 1500 అడుగుల నుంచి దూకుతారు. అలాస్కాలో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఇంకో ప్రభుత్వ సంస్థ జంపర్లు 1980లలోనే ర్యామ్ ఎయిర్ అనే దీర్ఘచతురస్రానికి మారారు. అక్కడ గాలి ఎక్కువ, నేల విశాలం. దీనికి 3000 అడుగులు కావాలి. తర్వాత ఫారెస్ట్ సర్వీస్ కూడా ఇటే మళ్ళింది. నా అభిప్రాయంలో మంచిపనే, గట్టిగాలికి ఎదురు నిలుస్తుంది, దిగేముందు బ్రేకులు లాగితే మెల్లగా ఆనుతుంది. గుండ్రటిదానితో పాదాలు, చీలమండలు ఎన్ని విరిగాయో.

గాలిపటం
అంత ఏకపక్షం కాదు కొండగాలీ. గుండ్రటిది దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. చుట్టూ నూరడుగుల చెట్లుండి మధ్యలో చిన్న ఖాళీ ఉంటే దానికదే సాటి. దీర్ఘచతురస్రం ఎప్పుడూ ముందుకి పోతూనే ఉంటుంది, కాబట్టి దిగడానికి వరస కావాలి. నేలకి దగ్గర్లో మలుపు తిప్పితే ఒక్కసారిగా ఎత్తు కోల్పోతుంది. బ్రేకులు ముందే లాగితే నిలిచిపోయి రాయిలా పడుతుంది. గుండ్రటిది కాళ్ళు విరగ్గొడితే, ఇది తప్పు చేసినవాణ్ణి ఇంకా గట్టిగా శిక్షిస్తుంది. అందుకే దీని శిక్షణలో అంకెల జపం ఉంటుంది. జంప్ థౌజండ్, లుక్ థౌజండ్, రీచ్ థౌజండ్, వెయిట్ థౌజండ్, పుల్ థౌజండ్. ఒక్కో మాటకీ ఒక్కో పని, మొత్తం ఐదు సెకన్లు. మీవాడికి ఇది నేర్పండి, కారులో ఏడు గంటలు గడిచిపోతాయి.

కొండగాలి
శిక్షణ ఎక్కువ కావాలన్నది ఒప్పుకుంటా. చిన్న ఖాళీల సంగతి కూడా.

తుమ్మచెట్టు
చెట్టుకి చిక్కుకుంటే?

సూదిదారం
చిక్కుకుంటారు, దానికీ పద్ధతి ఉంది. కాలి జేబులో 150 అడుగుల పట్టీ మడిచి ఉంటుంది. మొదట కదలకుండా పైకి చూడాలి. గుడ్డ గట్టి కొమ్మలకి పట్టిందా, చిటారుకొమ్మకి ఊరికే తగులుకుందా? జారేట్టుంటే దగ్గరున్న మానుని ముందు పట్టుకోవాలి. తర్వాత పట్టీని సూట్ నడుం దగ్గరున్న రింగుల్లోంచి పోనిచ్చి, కొసని రైజర్‌కి కట్టాలి. రైజర్ అంటే భుజంమీంచి ప్యారాచూట్ తాళ్ళదాకా పోయే పట్టీ. రెండు ఉంటాయి, బిగుతుగా ఉన్నదానికే కట్టాలి. వదులుగా ఉన్నదానికి కడితే, కొక్కెం విప్పగానే అది బిగుసుకునేదాకా మనిషి కిందికి పడతాడు, ఆ కుదుపుకి గుడ్డ ఊడిరావచ్చు. కట్టాక బరువు పట్టీమీదకి వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు రైజర్లు విప్పి, రింగుల రాపిడితో మెల్లగా జారతారు.

బేస్‌లో దీనికోసం ఉన్న సాధన చట్రం అడిగితే చూపిస్తారు. అక్కడే దిగే సాధన యంత్రం కూడా ఉంటుంది, జీనులో వేలాడదీసి నేలకేసి వదులుతుంది. దాన్ని జంపర్లు సరదాగా మ్యుటిలేటర్ అంటారు, అంటే ఒళ్ళు విరగ్గొట్టేది. ఆ దెబ్బని పాదాలు, పిక్క, తొడ, పిరుదు, వీపు పక్క అనే వరసలో పంచుతూ దొర్లడం నేర్పుతారు. చేతులు చాచి ఆపుకోబోతే మణికట్టు పోతుంది.

చెట్టుమీద మిగిలిన ప్యారాచూట్‌ని వదిలి రారు. కాళ్ళకి ఇనుప ముళ్ళు కట్టుకుని ఎక్కి దించుకుంటారు. దాన్నీ మోసుకునే నడవాలి.

పాలపిట్ట
మోసుకుని ఎంతదూరం?

ఐ90_బాటసారి
దగ్గరి బాట ఎక్కడుంటే అక్కడిదాకా. మూట 110 పౌండ్లు, కొన్నిసార్లు పైనే. అందుకే ఉద్యోగ పరీక్షలో అదే బరువు పెట్టారు: 110 పౌండ్లు, అంటే సుమారు 50 కిలోలు, వీపున వేసుకుని మూడు మైళ్ళు 90 నిమిషాల్లోపు. దానికి తోడు ఎన్నో ఏళ్ళుగా ఉన్న కనీస కొలత: మైలున్నర 11 నిమిషాల్లో పరుగు, 7 పుల్-అప్స్, 25 పుష్-అప్స్, 45 సిట్-అప్స్. కొత్తగా చేరేవాళ్ళ నుంచి ఇంతకన్నా ఎక్కువే ఆశిస్తారు. పైగా అడవి మంటలమీద అనుభవం లేకుండా తీసుకోరు. ప్యారాచూట్ వాళ్ళు నేర్పుతారు, మంట ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే దూకడం నిమిషాల పని, మిగతా రెండ్రోజులూ తవ్వడమే. మట్టి తేలేదాకా గీసి గీత పూర్తిచేశాక, ప్రతి బూడిద కుప్పనీ చేతి వెనకభాగంతో తడిమి వేడి ఉందా అని చూస్తారు. ఎక్కడా వెచ్చగా తగలకపోతేనే ఇంటికి.

పాతపుస్తకం
చరిత్ర తెలిసి వెళ్తే ఆ గోడమీది ఫోటోలు మాట్లాడతాయి, కాబట్టి రాస్తున్నా. 1939లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వింత్రాప్‌లో ప్రయోగంగా దూకారు. రష్యాలో ఇది అంతకు ముందే, 1930ల మధ్యలోనే మొదలైంది. అమెరికాలో నిజమైన మంటమీదకి మొదటిసారి దూకింది 1940 జూలై 12న, ఐడహోలోని నెజ్ పర్స్ అడవిలో, రూఫస్ రాబిన్సన్, ఎర్ల్ కూలీ. కూలీ తాళ్ళు మెలిపడిపోయి ఓ స్ప్రూస్ చెట్టులో పడ్డాడు, దెబ్బ తగల్లేదు. యుద్ధకాలంలో మగవాళ్ళు దొరకనప్పుడు, మతవిశ్వాసం వల్ల తుపాకీ పట్టనన్న మెనొనైట్లు, క్వేకర్లు వంటివాళ్ళు మిజూలాలో ఈ పనికి ముందుకొచ్చారు. 1945లో నల్లజాతి సైనికుల 555వ ప్యారాచూట్ దళం ఒరెగాన్‌లోని పెండిల్టన్ నుంచి మంటలమీదకి దూకింది. మొదటి మహిళా జంపర్ డియాన్ షుల్మన్, 1981, ఐడహోలోని మెకాల్ బేస్. మిజూలా కేంద్రాన్ని 1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రారంభించారు.

ఇక మాన్ గల్చ్. 1949 ఆగస్టు 5న హెలెనా దగ్గరి లోయలో 13 మంది జంపర్లు చనిపోయారు. స్పాటర్‌గా వాళ్ళని పంపింది ఆ ఎర్ల్ కూలీయే.

గాలిపటం
చిన్న సవరణ. చనిపోయింది 13 మందే, కానీ జంపర్లు 12. పదమూడోవాడు నేలమీద కాపలా ఉన్న ఫైర్ గార్డ్, నడిచి వచ్చి వాళ్ళతో కలిశాడు. దూకింది 15 మంది, బతికింది ముగ్గురు. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పుపెట్టి, కాలిపోయిన నేలమీద బోర్లా పడుకుని బతికాడు. రమ్మని పిలిచినా, మంట తరుముతుంటే మంటలోకి రమ్మనడం ఎవరికీ అర్థం కాలేదు. అంతకు ముందు ఎవరూ వాళ్ళకి అది నేర్పలేదు. మిగతా ఇద్దరు, శాలీ, రమ్సీ, శిఖరం మీద రాళ్ళ సందులోంచి దాటారు.

పాతపుస్తకం
సవరణకి కృతజ్ఞతలు, 12 అన్నదే సరైనది. తర్వాత 1957లో మంట దగ్గర పాటించాల్సిన పది ఆజ్ఞలు రాశారు, 1960లో మిజూలాలోనే బేస్ పక్కన మంటల పరిశోధనశాల వచ్చింది. గడ్డిమంట ఏటవాలులో మనిషికన్నా ఎందుకు వేగంగా ఎక్కుతుందో లెక్కగట్టింది అక్కడే. నడుముకి తగిలించుకునే రేకు గుడారాన్ని అభివృద్ధి చేసిందీ ఈ ఊళ్ళోనే. అది దూరంనుంచి వచ్చే సెగని తిప్పికొడుతుంది. మంట నేరుగా తాకితే రేకుని అతికించిన జిగురు వదిలేస్తుంది. అందుకే దాన్ని ఆఖరి దిక్కుగానే నేర్పుతారు.

మాన్ గల్చ్‌కి వాళ్ళని తీసుకెళ్ళిన సి-47 విమానం ఇప్పటికీ ఉంది. పేరు మిస్ మోంటానా. మిజూలా విమానాశ్రయంలోనే మ్యూజియం ఆఫ్ మౌంటెన్ ఫ్లయింగ్‌లో ఉంటుంది. 2019లో బాగుచేసి ఫ్రాన్స్‌లోని నార్మండీ దాకా ఎగరేసుకెళ్ళి వచ్చారు. బేస్ చూశాక అక్కడికి వెళ్ళండి, ఆ తలుపు దగ్గర కాసేపు ఆగండి.

తుమ్మచెట్టు
నేను మొదట సంప్రదాయం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక సలహా అడుగుతా: వాళ్ళు ఎటూ ఎల్లోస్టోన్ పోతున్నారు కదా, వెస్ట్ ఎల్లోస్టోన్‌లోనూ బేస్ ఉంది. అక్కడే చూడొచ్చుగా?

ఐ90_బాటసారి
ఉంది, చిన్నది. చూపించే వీలుందో లేదో ఫోన్ చేసి అడగాలి, మంటలు ఎక్కువైతే జంపర్లంతా బయటే ఉంటారు. పిల్లలున్నారు కాబట్టి నా ఓటు మిజూలాకే. తొమ్మిది బేస్‌లలో పెద్దది, సందర్శకుల కోసం విడిగా ఏర్పాటున్నది.

కొండగాలి
వింత్రాప్‌ని మరిచిపోకండి. సియాటిల్ వాళ్ళకి అది వారాంతంలో అయ్యే పని, పుట్టినిల్లు కూడా. ఈ ట్రిప్పులో కాకపోయినా.

మోకాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. నడక తక్కువే, చాలావరకు భవనాల లోపలే, కానీ గైడ్ మాట్లాడేటప్పుడు ఒక్కోచోట పది నిమిషాలు నిలబడాలి. కుర్చీలా విప్పుకుని కూర్చునే చేతికర్ర తీసుకెళ్తే నాన్నగారికి హాయి. ఆగస్టులో అయితే లోయంతా పొగతో నిండే రోజులుంటాయి, జూలై రెండో వారం కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ, అయినా ఆయాసం ఉన్నవాళ్ళు ముందురోజు గాలి నాణ్యత చూసుకోవాలి.

బెల్వ్యూ_బాబాయ్
అందరికీ చాలా థ్యాంక్స్. ప్లాన్ మార్చేశా. మొదటిరోజు వాలస్‌లో గంటన్నర, రాత్రి మిజూలా. మర్నాడు పొద్దున మొదటి టూర్, తర్వాత మిస్ మోంటానా, మధ్యాహ్నం భోజనం చేసి వెస్ట్ ఎల్లోస్టోన్ బయల్దేరితే నాలుగున్నర గంటలు, చీకటి పడేలోపు చేరతాం. పాప ఒక ప్రశ్న పంపమంది: తను కూడా ఆ కుట్టుమిషన్ తొక్కొచ్చా?

సూదిదారం
తొక్కనివ్వరమ్మా, అవి మందమైన పట్టీలు కుట్టే కరెంటు మిషన్లు, సూది చాలా గట్టిది. కానీ ఏ మిషన్ మీద ఏం కుడతారో అడుగు. జీనుపట్టీ కుట్టేదానికీ ప్యారాచూట్ గుడ్డ కుట్టేదానికీ దారం ఎందుకు వేరో కూడా అడుగు. ఆ ప్రశ్న అడిగిన పిల్లని వాళ్ళు తొందరగా వదలరు.

ఐ90_బాటసారి
బాబాయ్ గారూ, హోటల్లో పడుకునేముందు కారు గడియారం మార్చుకోండి. ఫోన్ తనంతట తానే మారుతుంది, కొన్ని కార్లు మారవు. ఆ పాత టైము నమ్ముకుని బయల్దేరితే పొద్దున టూర్ గంట తేడాతో పోతుంది.